పొగాకు మానేయమని చెప్పాక ఏం జరగాలి?

క్లుప్తంగా: పొగాకు ప్రాణాంతకమని దాదాపు అందరికీ తెలుసు. బీపీ, షుగర్ పరీక్షలు ఇంటి గుమ్మం దాకా వచ్చాయి. అయినా ఊళ్లలో పొగాకు మానినవాళ్ల సంఖ్య ఆ స్థాయిలో పెరగడం లేదు. పని మూడు చోట్ల తెగిపోతోంది: ఆశా కార్యకర్త అడిగే ప్రశ్న దగ్గర, నోరు పరీక్షించే తీరు దగ్గర, మానేస్తానన్న మనిషిని మళ్లీ పలకరించే దగ్గర. కొత్త భవనాలు, యంత్రాలు లేకుండానే ఈ మూడింటినీ సరిచేయవచ్చు. ఉత్తరాంధ్ర అడ్డపొగ (చుట్ట కాలే కొనను నోట్లో పెట్టుకుని పీల్చడం), తెలంగాణ బీడీ, తంబాకు అలవాట్లే ఇందుకు ఉదాహరణలు.

## తెలియక కాదు

2016-17లో దేశవ్యాప్తంగా పెద్దల పొగాకు వాడకంపై రెండో సర్వే (గ్యాట్స్-2) జరిగింది. 15 ఏళ్లు, ఆపైన ఉన్నవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. 2009-10లో జరిగిన మొదటి సర్వేలో ఇది 34.6 శాతం. తగ్గిన మాట నిజమే, కానీ ఆ ఆరు శాతం తగ్గడానికి ఏడేళ్లు పట్టింది.

అదే సర్వేలో మరికొన్ని అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. పొగ తాగితే తీవ్రమైన జబ్బులు వస్తాయని 92 శాతం మంది నమ్ముతున్నారు. పొగ తాగేవారిలో సగానికి పైగా, అంటే 55.4 శాతం మంది, మానాలనే ఆలోచనలో ఉన్నారు. ఏడాదిలో డాక్టరు దగ్గరికో ఆరోగ్య సిబ్బంది దగ్గరికో వెళ్లిన పొగరాయుళ్లలో ‘మానెయ్’ అని సలహా అందుకున్నవాళ్లు 48.8 శాతం. నమిలే పొగాకు వాడేవారిలో ఆ సలహా దక్కింది 31.7 శాతానికే.

భయం ఉంది, కోరికా ఉంది, వాటిని అందిపుచ్చుకునే చెయ్యి లేదు. అందుకే గోడ రాతలు, ర్యాలీలు, పొగాకు వ్యతిరేక దినమైన మే 31న జరిగే సభలు ఎన్ని పెంచినా ఫలితం కొంతవరకే ఉంటుంది. అవి 92ను 95 చేయగలవు. 31ని 80 చేయాలంటే మాత్రం ఆరోగ్య సిబ్బంది రోజువారీ పనే మారాలి.

## రెండు రాష్ట్రాలు, రెండు అలవాట్లు

మొత్తం వాడకంలో తెలుగు రాష్ట్రాలు జాతీయ సగటు కంటే మెరుగ్గానే ఉన్నాయి. గ్యాట్స్-2 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌ది 20 శాతం, తెలంగాణది 17.8 శాతం. లోపలికి వెళ్తే మాత్రం బొమ్మ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పొగ తాగేవారు 14.2 శాతం, పొగలేని పొగాకు వాడేవారు 7.1 శాతం. తెలంగాణలో ఇది తిరగబడింది: పొగ 8.3 శాతం, పొగలేనిది 10.1 శాతం.

కాబట్టి ఒకే పోస్టరు, ఒకే కౌన్సెలింగ్ మాట రెండు చోట్లా పనిచేయవు. ఒకచోట చుట్ట, బీడీ, సిగరెట్. మరోచోట తంబాకు, జర్దా, గుట్కా, ఖైనీ. వీటికి తోడు పొగాకు కాడ నమిలేవాళ్లు, చిగుళ్లకు నస్యం రాసుకునేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వీళ్లలో చాలామంది తమను ‘పొగాకు వాడేవాళ్లు’గా లెక్కలో వేసుకోరు. నస్యం వాళ్ల దృష్టిలో పళ్లపొడి, కాడ పంటినొప్పికి మందు.

ప్యాకెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉంటోంది. 2018 నుంచి దానిమీదే మానేందుకు సాయపడే టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2356 కూడా అచ్చవుతోంది. ఏర్పాటు మంచిదే. అయితే సంతలో ఆకు కొనుక్కుని ఇంట్లో చుట్ట చుట్టుకునే మనిషికి ప్యాకెట్టే లేదు. కిళ్లీ కొట్టులో ఒక్క సిగరెట్ విడిగా కొనేవాడి చేతికీ ప్యాకెట్ రాదు. ఆ హెచ్చరికా, ఆ నంబరూ వాళ్లకు చేరాలంటే మనిషి నోటి ద్వారానే చేరాలి.

## ఫారంలో ఒక గడి

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవారికైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలన్నది దేశమంతటా అమలవుతున్న పద్ధతి. దాని మొదటి మెట్టు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నింపే, జబ్బుల ముప్పును అంచనా వేసే సీబ్యాక్ ఫారం. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శారీరక శ్రమ, కుటుంబంలో జబ్బులు అనే అంశాలకు మార్కులు పడతాయి. పొగాకు ఎప్పుడూ వాడకపోతే సున్నా, మునుపు వాడి ఉన్నా అప్పుడప్పుడు వాడినా ఒకటి, రోజూ వాడితే రెండు. మొత్తం 4 దాటినవారిని ముందుగా పరీక్షకు పంపాలి.

చిక్కు ప్రశ్నలోనే ఉంది. ఫారంలో పొగ తాగడాన్ని, గుట్కా, ఖైనీ వంటి పొగలేని పొగాకును కలిపి ఒకే మాటగా అడుగుతారు. చుట్ట పేరు, కాడ పేరు, నస్యం పేరు అందులో లేవు. “పొగ తాగుతావా అత్తా?” అని కోడలి ముందు, మనవల ముందు అడిగితే అరవై ఏళ్ల ఆడమనిషి నోట వచ్చే జవాబు “లేదమ్మా”. గడిలో సున్నా పడుతుంది. ఆ సున్నాతో మార్కులు తగ్గుతాయి, వరసలో వెనక్కి పోతుంది, నోటి పరీక్షలో ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోరు. ఒక్క తప్పుడు గడితో తర్వాతి మెట్లన్నీ కదిలిపోతాయి.

సరిచేసే పద్ధతి తేలిక. పేరుపేరునా అడగాలి: చుట్టా, బీడీనా, కాడా, నస్యమా, తంబాకా, పాన్ మసాలానా? ‘వాడతారా’ అనే కంటే ‘రోజుకు ఎన్ని’ అని మొదలుపెడితే జవాబు నిజానికి దగ్గరగా వస్తుంది, ఎందుకంటే ఆ మాటలో నేరం మోపడం ఉండదు. నడుము కొలిచేటప్పుడు ఎలాగూ పక్కకు పిలుస్తారు. ఈ ప్రశ్న కూడా అప్పుడే వేయాలి. లేచిన ఎంతసేపటికి మొదటిది కాలుస్తారన్నది తప్పక అడగాల్సిన మరో మాట. అరగంట లోపే అయితే నికోటిన్ పట్టు గట్టిదని అర్థం.

బీపీ చూసేటప్పుడూ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. నికోటిన్ కొంతసేపు బీపీని, గుండె వేగాన్ని పెంచుతుంది. అరుగు మీద ఖైనీ నలుపుకుని నోట్లో పెట్టుకున్న మనిషికి వెంటనే బీపీ పట్టీ కడితే వచ్చే అంకె అతని అసలు బీపీ కాదు. పొగాకు, టీ, కాఫీ ముట్టుకుని అరగంట గడవాలి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి.

## అంగిలి చూడని పరీక్ష

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరప్రాంతాల్లో ‘అడ్డపొగ’ అనే అలవాటు ఉంది. చుట్ట కాలే కొనను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పీలుస్తారు. ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్లలో, మత్స్యకార కుటుంబాల్లో, కూలి పనులకు వెళ్లేవారిలో కనిపిస్తుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, బూడిద ఒళ్లో బిడ్డ మీద రాలదు, రెండు చేతులకూ పని చేసుకునే వీలుంటుంది, చుట్ట ఎక్కువసేపు వస్తుంది అని చెబుతారు. తల్లిని చూసి కూతురు నేర్చుకోవడమే అసలు దారి.

నిప్పు వేడి, పొగ నేరుగా తగిలేది అంగిలికి. అక్కడి చర్మం మొదట తెల్లబడి మందమవుతుంది. చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్ర చుక్కల్లా పైకి తేలతాయి. తర్వాత పగుళ్లు, ఎర్ర మచ్చలు, పుళ్లు. మామూలుగా చాలా అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

నోటి పరీక్షలో మాత్రం చేతికి అలవాటైన వరస వేరు. దేశంలో నోటి క్యాన్సర్లు ఎక్కువగా బుగ్గలు, చిగుళ్లు, నాలుక అంచుల్లో వస్తాయి కాబట్టి అవే చూసి టార్చి ఆర్పేస్తారు. అంగిలి కనిపించాలంటే తల బాగా వెనక్కి వంచించి, కట్టుడు పళ్లుంటే తీయించి, వెలుతురు కింది నుంచి పైకి వేయాలి. అడ్డపొగ ఉన్న ఊళ్లో పరీక్ష అంగిలితోనే మొదలవ్వాలి. గాజుగుడ్డతో తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, మాట్లాడే స్వరంలో మార్పు: వీటిలో ఏది కనిపించినా పైఆసుపత్రికి పంపాలి.

గుట్కా, పాన్ మసాలా నమిలేవారి విషయంలో చూడాల్సింది నోరు ఎంత తెరుచుకుంటోందన్నది. ఎవరి మూడు వేళ్లు వాళ్ల నోట్లో నిలువుగా పట్టాలి. పట్టకపోతే బుగ్గల లోపల నార గట్టిపడుతోందని అనుమానించాలి. ఇది ప్రధానంగా వక్క వల్ల వచ్చే జబ్బు. అందుకే ‘పొగాకు కలపలేదు’ అని రాసి అమ్మే పాన్ మసాలా కూడా ప్రమాదమే.

ఊళ్లలో పనిచేసి చూపిన అధ్యయనం ఒకటి ఈ నేల మీదే జరిగింది. 1970ల చివర్లో శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల గ్రామాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ బృందం ఎంచుకుంది. ఏటా ఇంటికి వెళ్లి నోరు పరీక్షించడం, ఆ మనిషికి తగ్గట్టు విడిగా మాట్లాడటం, వాటితో పాటు సినిమా, రేడియో, పత్రికల ప్రచారం. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇలాంటి సలహా ఏదీ అందని పాత బృందంతో పోలిస్తే మూడింట రెండు ప్రాంతాల్లో ఎక్కువమంది మానేశారు లేదా తగ్గించారు, క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్ల మచ్చలు కొత్తగా పుట్టడం కూడా రెండు ప్రాంతాల్లో గణనీయంగా తగ్గింది.

ఆ పద్ధతిలో గమనించాల్సిన మాట ‘ఏటా’. ఇప్పటి మార్గదర్శకాల్లో నోటి పరీక్ష ఐదేళ్లకోసారి. పొగాకు వాడని మనిషికి అది చాలు. రోజూ అడ్డపొగ పీల్చే ఆడమనిషికి, రోజుకు పది గుట్కా పొట్లాలు నమిలే డ్రైవరుకు ఐదేళ్లు చాలా ఎక్కువ కాలం.

## మానే తేదీ తర్వాతి నాలుగు వారాలు

‘మానెయ్’ అన్న మాట అవసరమే, చాలదు. మానేసిన మొదటి మూడు రోజుల్లో నికోటిన్ లేని బాధ శిఖరానికి చేరుతుంది: చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, తలనొప్పి, పని మీద మనసు నిలవకపోవడం. అది మూడు నాలుగు వారాల్లో క్రమంగా సద్దుమణుగుతుంది. సలహా ఇచ్చిన సిబ్బంది మళ్లీ కనిపించేది మాత్రం నెల తర్వాత, ఒక్కోసారి ఆరు నెలల తర్వాత. మనిషి ఒంటరిగా ఓడిపోయేది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే.

కాబట్టి పలకరింపుల వరస ముందే రాసుకోవాలి. రెండు వారాల లోపు ఒక తేదీ అనుకోవాలి. ఆ ముందు రోజు ఇంట్లో ఉన్న చుట్టలు, అగ్గిపెట్టె, తంబాకు డబ్బీ తీసేయించాలి. మానిన మూడో రోజు ఒకసారి, మొదటి వారం చివర ఒకసారి, రెండో వారం, నెల, మూడు నెలలు, ఆరు నెలలకు ఒక్కోసారి పలకరించాలి. వాటిలో సగం ఫోనులో అయినా సరిపోతుంది. టోల్‌ఫ్రీ నంబరుకు తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడి కౌన్సెలర్లు కూడా తేదీ పెట్టించి, తిరిగి ఫోన్ చేస్తారు. ఫోన్ చేయడానికి మొహమాటపడే పెద్దవాళ్లకు ఆశా కార్యకర్తే తన ఫోనులో కలిపి ఇవ్వాలి.

“చుట్ట కాల్చకపోతే పొద్దున మోషన్ రాదు” అన్నది ఊళ్లలో ఎక్కువగా వినిపించే అడ్డంకి. వట్టి సాకని కొట్టిపారేయకూడదు. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది, మానిన కొత్తలో మలబద్ధకం నిజంగానే వస్తుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి అన్నంలో ఆకుకూర, ఒక అరటిపండు, కాస్త నడక. రెండు మూడు వారాల్లో కుదుటపడుతుందని ముందే చెప్పి ఉంచితే ఐదో రోజు మళ్లీ చుట్ట పట్టరు.

కోరిక పుట్టినప్పుడు అది మూడు నుంచి ఐదు నిమిషాలు తీవ్రంగా ఉండి తగ్గుతుంది. ఆ కాసేపు వాయిదా వేయడం, నీళ్లు తాగడం, గాఢంగా ఊపిరి తీయడం, చేతికి పని కల్పించడం. నమిలే అలవాటు ఉన్నవారికి నోరు ఖాళీగా ఉండటమే పెద్ద బాధ, అందుకు సోంపు, లవంగం, ఎండు ఉసిరి ముక్క ఇవ్వవచ్చు. వక్క మాత్రం వద్దు.

మానేటప్పుడు పొగాకుకు బదులుగా వాడే నికోటిన్ గమ్ విషయంలో పొరపాట్లు ఎక్కువ. 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలు. లేచిన అరగంటలోపే పొగాకు కావాల్సినవారికి సాధారణంగా 4 సూచిస్తారు. దాన్ని చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట, వాంతి వచ్చినట్టు ఉండటం మొదలవుతాయి. “పడలేదు” అని రెండో రోజే పారేస్తారు. నాలుగైదుసార్లు మెల్లగా కొరికి, నోట్లో చురుకు తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. ఒక్కో గమ్ అరగంట వస్తుంది. వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, పుల్లటివి ముట్టకూడదు. వాటి ఆమ్లానికి నికోటిన్ బుగ్గలోంచి ఎక్కదు. మూడు నెలల్లో క్రమంగా తగ్గించి ఆపాలి. పళ్లు లేని ముసలివాళ్లకు గమ్ పనికిరాదు, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ ఇవ్వాలి. గుండెపోటు వచ్చి ఎక్కువ రోజులు కానివారు, గర్భిణులు డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

మానిన మనిషి మళ్లీ మొదలుపెట్టేది చాలావరకు తెలిసిన చోట్లే: కల్లు దుకాణం, పెళ్లి, చావు ఇల్లు, రాత్రి డ్యూటీ. అలా జారినవారిని రిజిస్టరులో ‘విఫలం’ అని కొట్టేయకుండా కొత్త తేదీ రాయాలి. చాలామంది ఒకటి కంటే ఎక్కువ ప్రయత్నాల తర్వాతే పూర్తిగా మానగలుగుతారు.

## బీపీ మాత్రల కోసం వచ్చే రోజు

ఈ పలకరింపులకు వేరే వ్యవస్థ అక్కర్లేదు. 2018 ప్రాంతంలో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి సూటిగా ఉంటుంది: అందరు డాక్టర్లకూ ఒకే మందుల వరస, రోగికి ఒక కార్డు, నెలకు సరిపడా మాత్రలు, ఇంటికి దగ్గరి కేంద్రంలోనే పంపిణీ, రానివారికి ఫోను. ఎంతమందికి పరీక్ష చేశారన్నది కాక, నమోదైనవారిలో ఎంతమంది బీపీ 140/90 లోపు ఉందన్నదే ఫలితం కింద లెక్క.

పొగాకుకు ఇలాంటి కొలమానమే కరువైంది. పల్లె దవాఖానాకో, విలేజ్ హెల్త్ క్లినిక్‌కో, 104 బండి దగ్గరికో మాత్రల కోసం నెలనెలా వచ్చే మనిషిని “ఈ నెల ఎన్ని కాల్చారు?” అని అడగడానికి అర నిమిషం పడుతుంది. పొగ తాగేవారికి టైప్-2 షుగర్ వచ్చే ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువ. షుగర్ ఉన్న మనిషి బీడీ తాగితే కాళ్ల రక్తనాళాలు రెండు వైపుల నుంచి దెబ్బతింటాయి, వేలి మీద చిన్న పుండు వేలు తీసేసే దాకా పోతుంది. అలాంటి మనిషికి మందు చీటీ రాసి పొగాకు ఊసెత్తకపోవడం సగం వైద్యమే. మానాక కొందరికి బరువు పెరుగుతుంది, షుగర్ అంకెలు కొన్నాళ్లు మారతాయి. మందు మోతాదు చూసుకోవడానికి కూడా ఆ నెలవారీ సందర్శన అక్కరకొస్తుంది.

## చట్టం చేయగలిగింది

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు బహిరంగ స్థలాల్లో పొగను నిషేధించాయి. జరిమానా 200 రూపాయల వరకు. విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకూడదు. ఆ దూరం గేటు నుంచి కాక ప్రహరీ బయటి అంచు నుంచి అన్ని వైపులా కొలవాలి. ఈ ఒక్క తేడాతో చాలా బడ్డీకొట్లు నిషేధ పరిధిలోకి వస్తాయి. రోడ్డు మీద పసుపు గీత గీయించడం వల్ల వాదన తగ్గుతుంది.

గుట్కా నిషేధం అనుభవం వేరు. ఆహార భద్రత నిబంధనల కింద పొగాకు కలిపిన తినుబండారం నిషిద్ధం. వెంటనే పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా అమ్మడం మొదలైంది. కలిపే పని కొనేవాడి అరచేతికి మారిందంతే.

## పొగాకే కూడు పెట్టే ఊళ్లు

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, సిద్దిపేట ప్రాంతాల్లో లక్షల మంది ఆడవాళ్లు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి బతుకుతున్నారు. ప్రకాశం జిల్లాలో పొగాకు వేలం కేంద్రాలే రైతు ఏడాది లెక్క తేలుస్తాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఈ ఊళ్లలో ‘పొగాకు వద్దు’ అన్న బోర్డు కూలి మీద దెబ్బలా కనిపిస్తుంది. బీడీలు చుట్టే ఇంట్లో మొదట మాట్లాడాల్సింది దుమ్ము, దగ్గు, వీపు నొప్పి, పసిపిల్ల పక్కన ఉన్న పొగాకు చేట గురించి. పొలంలో తడి ఆకు కోసేవారికి చర్మం ద్వారా నికోటిన్ ఎక్కి తల తిరగడం, వాంతులు వస్తాయి. పొడి బట్టలు, చేతి తొడుగులు, మంచు ఆరాక కోత అని చెబితే వాళ్ల ఆరోగ్యం గురించే మాట్లాడుతున్నారని అర్థమవుతుంది. తెలంగాణలో 2015 నుంచి బీడీ కార్మికులకు పింఛను ఉంది. చుట్టే పని నుంచి కుట్టుపనికో ఇంకో పనికో మారడానికి అది ఒక్కటే చాలదు, కానీ మారే నెలల్లో అది ఆసరా.

పన్ను కూడా ఈ కారణంగానే వంకరగా ఉండిపోయింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్లకు 28 శాతం మీద పరిహార సెస్సు వేశారు, బీడీలకు సెస్సు వేయలేదు. సిగరెట్ ధర పెరిగినప్పుడల్లా పేదవాడు మానడం బదులు బీడీకి దిగే దారి తెరిచే ఉంటోంది.

## ఫిన్లాండ్ పోలిక, ఒక ఆశా లెక్క

ఊరంతటినీ కలుపుకుని గుండె జబ్బును తగ్గించిన ఉదాహరణగా ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాను చెబుతారు. 1972లో మొదలైన ఆ కార్యక్రమం ఆసుపత్రికే పరిమితం కాలేదు. ఆడవాళ్ల సంఘాలు వంటలో వెన్న, ఉప్పు తగ్గించడం నేర్పాయి. పాల డెయిరీలు, మాంసం తయారీదారులు తమ సరుకునే మార్చారు. పొగపై చట్టం తోడైంది. పనిచేసే వయసు మగవాళ్లలో గుండె జబ్బు మరణాలు కొన్ని దశాబ్దాల్లో 80 శాతానికి పైగా తగ్గాయి. మన దగ్గర అలాంటి అల్లిక డ్వాక్రా సంఘాల రూపంలో సిద్ధంగానే ఉంది. నెలవారీ పొదుపు సమావేశంలో బీపీ కార్డులు చూసుకోవడం, ఎవరింట్లో ఎవరు మానే ప్రయత్నంలో ఉన్నారో తెలుసుకోవడం అదే కూర్చోవడంలో అయిపోతుంది.

భారం ఎంతో కూడా అంచనా వేయవచ్చు. ఒక ఆశా కార్యకర్త పరిధి సుమారు వెయ్యి జనాభా. అందులో 30 దాటినవారు 400 మంది, వాళ్లలో ఐదో వంతు పొగాకు వాడతారు అనుకుంటే 80 మంది. ఒక్కొక్కరికి ఆరు పలకరింపుల చొప్పున ఏడాదికి 480, వారానికి తొమ్మిదో పదో. వాటిలో చాలావరకు బీపీ, షుగర్ మాత్రల రోజుతోనే కలిసిపోతాయి. పీహెచ్‌సీ నెలవారీ సమీక్షలో ‘ఎన్ని ఫారాలు నింపారు’ అన్న గడి పక్కన మరో రెండు గడులు చేర్చాలి: ఈ నెల మానే తేదీ పెట్టుకున్నవారు ఎందరు, ఆరు నెలల క్రితం తేదీ పెట్టుకున్నవారిలో ఇప్పటికీ ముట్టనివారు ఎందరు. ఫారానికి పారితోషికం లెక్క ఉన్నట్టే ఈ రెండో అంకెకూ ఉండాలి.